ముళ్ళ మేత్రాణి

మా ఆయనకి ఒక మేత్రాణి అంటే వల్లమాలిన ప్రేమ. మేత్రాణి అంటే మా కతోలికుల మాటలో బిషప్పు. ఈయన ఇప్పటివాడు కాదు. క్రైస్తవులని చక్రవర్తులు వెతికి వెతికి చంపుతున్న తొలి రోజుల్లో, ఎక్కడో తూర్పున కొండల దేశంలో ఉండేవాడట. పునీతుడిగా, అంటే సెయింటుగా, ఆయనకి మంచి పేరే ఉంది గాని మా ఇంట్లో ఎవరూ ఆ పేరు అనం. గొంతులో చేపముల్లు దిగినవాళ్ళు మొక్కుకునేది ఆయనకే కాబట్టి ముళ్ళ మేత్రాణి అంటాం. ఆ ముద్దుపేరు మా ఆయన పెట్టిందే.

ఫిబ్రవరి మూడో తారీఖు ఆ మేత్రాణి పండుగ. ఆ రోజు పూజ అయ్యాక గురువులు, అంటే గుడి ఫాదర్ గారు, రెండు పొడుగాటి కొవ్వొత్తులని ఎర్ర రిబ్బనుతో కత్తెరలాగా కట్టి, వరసలో వచ్చినవాళ్ళ గడ్డం కింద, మెడకి రెండు పక్కలా ఆనించి, గొంతు జబ్బులు రాకూడదని దీవిస్తారు. హాలిఫాక్స్‌లో ఉన్న మా కాసిని తెలుగు కుటుంబాలకి నెలకొక తెలుగు పూజే దిక్కు. గొంతు దీవెన నాడు మాత్రం మోకాలిలోతు మంచు పడ్డా సరే అందరం చేరతాం. దీవెనకి ముందు గుడి కింద హాల్లో పిల్లలని కూర్చోబెట్టి మేత్రాణి కథ చెప్పడం మా ఆయన పని. ఆ పని ఆయనకి ఎవరూ అప్పగించలేదు, ఆయనే లాక్కున్నారు.

లాక్కోగల గొంతు మరి! గోదావరి గాలి తిన్న గొంతు. ఈ ఊళ్ళో రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపారు. మైకు పాడైన రోజున కూడా స్టాపు పేరు వెనక సీటుదాకా వినపడేదట. మా పూజలో పాట ఎత్తేది ఆయనే. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో సిలువ మార్గం పాడితే, తెలుగు ముక్క రాని తెల్ల ముసలమ్మలు కూడా వెనక బెంచీల్లో కూర్చుని ముక్కులు చీదుకునేవాళ్ళు. ఇంట్లో ఆ గొంతుతో వేగేది నేను. ఫోనెత్తితే పక్క వీధికి వార్తలు చదివినట్టే ఉండేది. "నెమ్మదిగా మాట్లాడండయ్యా, వాళ్ళకి ఫోనుంది కదా!" అని నేను రోజూ కేకలేసేదాన్ని. నాదీ గుంటూరు నోరే, తక్కువదేం కాదు.

కథ ఏటా అదే. మేత్రాణి కాకముందు ఆయన వైద్యుడు. చక్రవర్తి మనుషులు వెతుకుతుంటే కొండ గుహలో దాక్కున్నాడు. జబ్బుపడ్డ అడవి జంతువులు గుహ ముందు వరస కట్టి, ఆయన జపం ముగిసేదాకా చప్పుడు చేయకుండా కూర్చునేవి. చివరికి వేటగాళ్ళు పట్టుకుని సంకెళ్ళు వేసి తీసుకుపోతుంటే దారిలో ఒక పేద ముసలమ్మ ఏడుస్తూ ఎదురొచ్చింది, ఉన్న ఒక్క పందినీ తోడేలు ఎత్తుకుపోయిందని. మేత్రాణి గదిమితే తోడేలు పందిని తెచ్చి అప్పజెప్పింది. ఇక్కడ మా ఆయన తోడేలులా ఊళపెట్టి, వెంటనే పందిలా కీచుమనేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ తర్వాత ఒక తల్లి కొడుకుని చేతుల మీద వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వాడి గొంతులో చేపముల్లు అడ్డుపడి ముఖం నల్లబడిపోతోంది. మేత్రాణి సంకెళ్ళ చేతులతోనే వాడి మెడ పట్టుకుని ప్రార్థించాడు. ముల్లు ఊడిపడింది.

"అది పులస ముల్లు," అని మా ఆయన గంభీరంగా చెప్పేవారు.

"ఆ కొండల్లో పులస ఎక్కడిదండీ? నోటికెంతొస్తే అంతేనా!" అని నేను వెనకనుంచి అందుకునేదాన్ని.

"పులస కాకపోతే ఆ పిల్లోడు అంత ఆబగా ఎందుకు తింటాడే?" అనేవారు. హాలంతా గొల్లున నవ్వేది.

జైలు చీకట్లో ఉన్న మేత్రాణికి ఆ పంది ముసలమ్మ కొవ్వొత్తులు తెచ్చి ఇచ్చింది అనేదాకా చెప్పి ఆయన కథ ఆపేసేవారు. ఆ తర్వాతి ముక్క పిల్లలకి చెప్పేది కాదు. గొర్రె బొచ్చు దువ్వే ఇనుప దువ్వెనలతో మేత్రాణి ఒళ్ళు చీరేశారు. తర్వాత తల నరికారు. పిల్లవాడి ముల్లు తీసినాయనని కాపాడటానికి అడ్డం పడినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు చిన్నప్పటినుంచీ ఆ ముక్క దగ్గరే కోపం వస్తుంది.

ఇక చేప సంగతి చెప్పాలి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గదా, మా ఆయన పుస్తెల జోలికి పోకుండానే ఇక్కడ పులసని కనిపెట్టారు. షాడ్ అని ఒక చేప ఉంది. అది కూడా మన పులసలాగే సముద్రంలోంచి నదిలోకి ఎదురెక్కుతుంది. రుచి ఆ వైపుకే పోతుంది. ముళ్ళు కూడా అలాగే, వెంట్రుకల్లా, ఎన్నో తెలియనన్ని. ఏటా వేసవికి ముందు గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ పోయి, నది పక్క చేపలవాళ్ళ దగ్గర కొని, కడిగి, బేస్‌మెంట్లో డీప్ ఫ్రీజర్ నిండా దాచుకునేవాళ్ళం. పండుగొస్తే ఒకటి బయటికి తీసి బెండకాయలేసి పులుసు పెట్టేదాన్ని.

నిరుడు కొత్త సంవత్సరం నాడు అలాంటి పులుసే పెట్టాను. రెండో ముద్దకే మా ఆయన చెయ్యి ఆపి, కళ్ళు పెద్దవి చేసి, మెడ పట్టుకున్నారు.

"దిగిందే. ముల్లు దిగింది."

మాకు ఇది కొత్త కాదు. ముల్లు దిగితే ఏం చేయాలో మా తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పొడి అన్నం చిన్న ముద్ద చేసి, నమలకుండా గుటుక్కున మింగాలి. ముద్దతోపాటు ముల్లూ పోతుంది. ఇచ్చాను. మింగారు. ఇంకోటి ఇచ్చాను. పోలేదన్నారు. అరటిపండు మింగారు. సాయంత్రానికి "గీరుకుంది అంతే, రేపటికి పోతుంది" అన్నారు. నేనూ సరేననుకున్నాను.

రేపు పోలేదు. ఆ వారం పోలేదు. ప్రతి భోజనంలో మొదట ఒక పొడి ముద్ద మింగడం ఆయనకి అలవాటైపోయింది. మింగి, తల కాస్త పక్కకి వంచి, లోపల ఏదో వింటున్నట్టు ఆగేవారు. తర్వాత "ఖమ్" అని ఒక చిన్న సకిలింపు. టీవీ చూస్తూ ఖమ్, జపమాల చెప్తూ ఖమ్. ఆ చప్పుడు లేని గదంటూ ఇంట్లో లేకుండా పోయింది. నెల సగం గడిచేసరికి ఫోన్లో ఆయన మాటలు పక్క గదిలోకి వినపడడం మానేశాయి. అన్నేళ్ళు ఏ నిశ్శబ్దం కోసం అరిచానో అది వచ్చింది. వచ్చాక నాకు భయమేసింది.

భయానికి ఇంకో కారణం నా ఉద్యోగం. ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో వంటింట్లో పని చేస్తాను. మింగలేనివాళ్ళకి కూరా అన్నం మెత్తగా పేస్టు చేయడం, వాళ్ళ నీళ్ళలో చిక్కబడే పొడి కలపడం నా పని. మంచినీళ్ళు తాగినవెంటనే వచ్చే దగ్గు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకరోజు మా వంటింట్లో, మా ఆయన గ్లాసు దించగానే అదే దగ్గు వచ్చింది. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ముల్లు ఇన్నాళ్ళు ఉంటుందా ఏందండీ? ఉంటే ఈపాటికి చీము పట్టదా?"

"ఉంటదే. పులస ముల్లు మొండిది. కంగారుపడకు."

"అది పులస కాదు, షాడు! అది మీ గోదావరి కాదు!"

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. మా ఫ్యామిలీ డాక్టర్ రిటైరయ్యాక ఇంకొకరు దొరక్క మేము వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. చచ్చీచెడీ ఒక వాక్-ఇన్ క్లినిక్‌కి లాక్కుపోయాను. అక్కడి కుర్ర డాక్టరుకి ఆయనే ఉత్సాహంగా చేప కథంతా చెప్పారు, నది ఎదురెక్కడంతో సహా. అతను టార్చి వేసి చూసి, ముల్లేమీ కనపడలేదనీ, గీరుకున్న చోట అసిడిటీ మంట పెడుతుండొచ్చనీ మాత్రలు రాశాడు, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు. బయటికొచ్చాక నేను ఒంటికాలి మీద లేచాను. "దగ్గు సంగతి చెప్పలేదేం? గొంతు పోతోందని చెప్పలేదేం? బస్సు డిపో వెనక దాక్కుని ఏళ్ళతరబడి కాల్చిన సిగరెట్ల సంగతి చెప్పారా?" అని పార్కింగ్ లాట్‌లోనే కడిగేశాను.

"ఇదిగో, మూడో తారీఖు రానీ," అన్నారు ఆయన గుసగుసగా. అప్పటికి గుసగుసే మిగిలింది. "మేత్రాణి ఉన్నాడు. ముళ్ళు తీయడం ఆయన డిపార్ట్‌మెంటు. దీవెన అయ్యాక కూడా పోకపోతే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని, అది చిన్నప్పటిలాగే ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. "అమ్మా, దిస్ ఈజ్ నాట్ ఎ ఫిష్ బోన్. టేక్ హిమ్ టు ఎమర్జెన్సీ." ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయనకి వినిపించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మూడో తారీఖుదాకా అన్నారు, అంతే. ఆ రోజుల్లో మంచు ఆగకుండా పడింది. ఆయన కుడిచెవిలో పోటు మొదలైంది. నిద్రలో ఊపిరి పీల్చేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వచ్చేది. నేను పక్కన పడుకుని, ఆ ఈల కోసం ఎదురుచూస్తూ, వచ్చాక ఇంకొకదాని కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

పండుగ వచ్చింది. హాల్లో పిల్లలు నేలమీద కూర్చున్నారు. ఆయన కథ మొదలుపెట్టారు. గుహ, జంతువులు బాగానే నడిచాయి, పిల్లలు ముందుకి వంగి వినాల్సొచ్చింది అంతే. తోడేలు దగ్గరికొచ్చి ఊళపెట్టబోతే గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ ప్రయత్నించారు. ఆ వచ్చిన చప్పుడు తోడేలుదీ కాదు, మనిషిదీ కాదు. ముందు వరసలో ఒక పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి లేచిపోయింది. ఆయన నవ్వి "తోడేలుకి జలుబు చేసింది" అన్నారు. ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

పైన పూజ అయ్యాక వరసలో నా ముందు ఆయన నిలబడ్డారు. మా గురువులు ఖమ్మం వైపు చిన్నవాడు, మా అమ్మాయి ఈడువాడే. కత్తెర కొవ్వొత్తులు ఎత్తి మా ఆయన మెడకి ఆనించారు. కుడిపక్క కొవ్వొత్తి తగలగానే ఆయన "అబ్బా" అని ఒక అడుగు వెనక్కి వేసి నన్ను గుద్దుకున్నారు. వెలిగించని కొవ్వొత్తి. మైనం. దానికి అంత నొప్పేమిటి?

ఫాదర్ గారి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. దీవెన మాటలు మధ్యలో ఆగాయి. కొవ్వొత్తులు బల్లమీద పెట్టి, రెండు వేళ్ళతో మా ఆయన మెడ కుడిపక్క నెమ్మదిగా తడిమారు. వేళ్ళు ఒకచోట ఆగాయి. ఆ కుర్ర ముఖంలో రంగు దిగిపోవడం నేను మా ఆయన భుజం మీదనుంచి చూశాను.

"అంకుల్, గిదెప్పటి సంది ఉన్నది?"

"ముల్లు ఫాదర్ గారూ. చేపముల్లు."

"ముల్లు బయటికి తగలదు అంకుల్. మేత్రాణులు ముందుగాల డాక్టరు, మీరే చెప్తరు గదా. పూజ అయిపోయింది, నడువుండ్రి. నేనే నా కార్ల తీస్కపోత."

దీవెన పూర్తి చేశారు, గబగబా. ఎమర్జెన్సీలో గంటలకొద్దీ కూర్చున్నాం. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపారు. తర్వాత స్కాన్, ముక్క తీసి పరీక్ష. పది రోజుల్లో సర్జన్ ముందు కూర్చున్నాం. మా అమ్మాయి అప్పటికి విమానంలో వచ్చేసింది. సర్జన్ ఒక పెద్దావిడ, తొందర లేకుండా మాట్లాడింది. ముల్లూ లేదు, గిల్లూ లేదు. స్వరపేటిక మీద క్యాన్సరు పెరిగి మెడ గడ్డల్లోకి పాకింది. ఊపిరి దారి రోజురోజుకీ మూసుకుపోతోంది. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడ కింద కన్నం పెడతారు, ఇకనుంచి ఊపిరి అందులోంచే. గొంతు ఇక రాదు.

మా ఆయన అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. ఈస్టర్ దాకా ఆగొచ్చా అని. తపస్సుకాలం వస్తోంది, సిలువ మార్గం పాడాలి.

"నో," అందావిడ.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు పోరు. ఆపరేషన్ వద్దన్నారు. గొంతు లేకుండా తను ఎవరో తనకే తెలియదన్నారు. అమ్మాయి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

"కథ ఏటా చెప్తారుగా! ఆ తల్లి మేత్రాణిని ఏం అడిగిందో చెప్పండి. కొడుకు ప్రాణం అడిగింది. రేపు వాడు పాడతాడా లేదా అని అడిగిందా? నేనూ అదే అడుగుతున్నాను. నాకు మీ పాట అక్కర్లేదు. మీరు కావాలి!"

 ఆయన ఆ గాలి గొంతుతోనే అన్నారు.

"ఆ పిల్లోడికి రెండూ మిగిలాయి కదే."

 ఆ రాత్రి ఎవరం భోంచేయలేదు. తెల్లారి ఆయన కాఫీ తాగుతుండగా గుక్క అడ్డం తిరిగింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. కథలో పిల్లవాడి ముఖం గురించి ఏటా ఏం చెప్పేవారో అచ్చం అదే రంగు. నేను వీపు మీద చరుస్తూ "యేసు ప్రభువా, యేసు ప్రభువా" అని అరుస్తున్నాను, అమ్మాయి అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. అంబులెన్సు వచ్చేలోపే ఊపిరి సన్నగా ఈలవేస్తూ తిరిగొచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని, బల్లమీద చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుని తల ఊపారు. సరేనని.

ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. ఆపరేషన్ రోజు పొద్దున గౌను తొడిగి, తలకి కాగితం టోపీ పెట్టి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఫాదర్ గారు వచ్చి, రోగులకిచ్చే అభ్యంగనం ఇచ్చి, నుదుట దీవించిన నూనె రాసి వెళ్ళారు. అమ్మాయి ఫోన్లో రికార్డింగు పెట్టి, "నాన్నా, ఏదైనా పాడు" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ గొంతుతో పాటని పాడు చేయడం ఆయనకి ఇష్టం లేదు. మంచం తీసుకుపోవడానికి మనిషి వచ్చాడు. ఆయన నన్ను వంగమని సైగ చేశారు. నేను చెవి ఆనించాను. ఇన్నేళ్ళ కాపురం, ఇదే ఆఖరి మాట, ఏం చెప్తారో!

"ఫ్రీజర్లో ఇంకో చేప ఉంది. పారెయ్యకు."

తలుపులు మూసుకున్నాయి. అదీ నా మొగుడి గొంతు నేను ఆఖరుసారి విన్నది. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే గోడకి ఆనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగి, ఆ చేపని రాయిలా గడ్డకట్టింది గడ్డకట్టినట్టే తీసి చెత్తలో పడేశాను. "పోవే పాపిష్టిదానా" అని తిట్టి మరీ పడేశాను. దానికేం పాపం తెలుసు? అది ముల్లు కూడా గుచ్చలేదు. అయినా సరే, ఆ రోజునుంచి మా ఇంట్లో చేప వండలేదు.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో రాయబుద్ధి కాదు. రేడియేషను, మెడకి కన్నం, దానికి కట్టే చిన్న గుడ్డ, రాత్రిళ్ళు తుడవడాలు. మెడకి ఆనిస్తే మరమనిషిలా మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. ఆయన ఒక్కసారి పెట్టుకుని "కాఫీ" అన్నారు. విని ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. దాన్ని సొరుగులో పెట్టేశారు, మళ్ళీ తీయలేదు. చేతులతో, కళ్ళతో, చిటికెలతో మాట్లాడటం నేర్చుకున్నారు. నేను వినడం నేర్చుకున్నాను. సర్జన్ మూడు నెలలకోసారి చూసి బాగుందనేది. సిలువ మార్గం ఆ ఏడు ఎవరూ పాడలేదు, ఫాదర్ గారు చదివారు.

ఈ ఏడు మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. గుడికి రావడానికి ఆయన ఒప్పుకోరనుకున్నాను. తెల్లారేసరికి చొక్కా ఇస్త్రీ చేసుకుని, మెడకి ఎర్ర మఫ్లర్ చుట్టుకుని సిద్ధంగా ఉన్నారు. హాల్లో పిల్లలు కూర్చున్నారు. కథ ఎవరు చెప్పాలో తెలియక పెద్దవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే ఈయన నన్ను భుజం పట్టి ముందుకి తోశారు.

"నాకెక్కడొచ్చండీ!" అన్నాను. నవ్వి, చిటికె వేశారు. కానియ్ అని.

చెప్పాను. నేను చెప్తుంటే ఆయన నా పక్కన ఆడారు. జబ్బుపడ్డ ఎలుగుబంటిలా కుంటుతూ నడిచారు, గుహ ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నారు. తోడేలు రాగానే నోరు తెరిచి, తల పైకెత్తి, చప్పుడు లేకుండా ఊళపెట్టారు. పిల్లలు ఒక్క క్షణం బిగుసుకుపోయారు. తర్వాత వాళ్ళలోనే ఒకడు ఆ ఊళని ఎత్తుకున్నాడు, ఇంకొకరు, చివరికి అందరూ. హాలు దద్దరిల్లింది. నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. "పులస ముల్లు" అని నేనే చెప్పాను, ఎంత సిగ్గుచేటో! ఆయన పొట్ట పట్టుకుని, భుజాలు ఎగరేసి నవ్వారు.

కొవ్వొత్తుల దగ్గర కథ ఆపాను. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక పిల్ల, నిరుడు లేచిపోయిందే, ఆ పిల్లే చెయ్యెత్తింది. "బట్ ఆంటీ, హూ హెల్ప్డ్ ద బిషప్?"

ఇనుప దువ్వెనలు గుర్తొచ్చాయి. ఎవరూ లేరమ్మా అనబోయాను. మా ఆయన బల్లమీద టకటకా కొట్టి అందరినీ తనవైపు తిప్పుకున్నారు. ముసలమ్మలా వంగి, రెండు చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని చీకట్లో నడుస్తున్నట్టు నటించి, వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ పంది ముసలమ్మ వచ్చింది కదా అని. పిల్లలకి అర్థమైందో లేదో గాని నాకు అర్థమైంది.

పైన వరసలో మళ్ళీ ఆయన ముందు, నేను వెనక. ఫాదర్ గారు మఫ్లర్ పక్కకి జరిపి, కన్నానికి తగలకుండా, కొవ్వొత్తులు మెల్లగా ఆనించారు. మా ఆయన కదల్లేదు. కుడిపక్కనా, ఎడమపక్కనా రాయిలా నిలబడ్డారు. ఫాదర్ గారు నావైపు చూసి ఊపిరి వదిలారు. నేనూ వదిలాను.  నా వంతు వచ్చినప్పుడు మేత్రాణికి థాంక్స్ చెప్పుకున్నాను, ఏడాదంతా ఆయన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. ముద్దపప్పు, చారు, పెరుగు. కిటికీలోంచి ఎండ బల్లమీద పడింది. నేను హాల్లో పిల్లలు ఊళపెట్టిన సంగతే మళ్ళీ చెప్పి నవ్వుతూ, ఆయన కంచంలో అన్నం వడ్డించి, పప్పు కోసం స్టవ్ వైపు తిరిగాను. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో తెల్లటి అన్నం ముద్ద ఉంది. పొడి ముద్ద, చిన్నది, గుండ్రంగా చేసింది. నేను చూడటం లేదనుకుని నోట్లో వేసుకుని, నమలకుండా మింగి, తల కాస్త పక్కకి వంచి ఆగారు.

తర్వాత నావైపు చూశారు. నా చేతిలో పప్పు గిన్నె ఉంది. మా ఇంట్లో చేప వండి ఏడాది దాటింది.